రెండు బెత్తెల పరుపు, మధ్యలో లేని గుడ్డ

ఆ పరుపు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. పరుపంటే ఇద్దరు మోసుకురావాలి, గుమ్మం దగ్గర ఇరుక్కోవాలి, ఒకడు ఇంకొకణ్ణి "నీ వైపు ఎత్తరా" అని తిట్టాలి. ఇదేమో చాప చుట్టినట్టు చుట్టి, ప్లాస్టిక్ తొడుగులో బిగించి, మా అబ్బాయి చంకలో ఇమిడిపోయి ఆటో దిగింది. కోడలు షబానా కత్తెరతో ప్లాస్టిక్ కోయగానే బుస్సుమంది. మంచం మీద పరిస్తే అట్టుకంటే కాస్త మందం. అంతలోనే లేవడం మొదలుపెట్టింది. ఎవరూ దూది పెట్టకుండా, ఎవరూ బెత్తంతో కొట్టకుండా, దానంతటదే. "పూర్తిగా లేవడానికి సాయంత్రం దాకా పడుతుందంట అత్తా, అప్పటిదాకా ఎవరూ కూర్చోకూడదంట" అంది షబానా. ఎవరు చెప్పారని అడిగాను. కాయితంలో రాసుందట. కాయితంలో రాసినవన్నీ నమ్మేదాన్నే అయితే ఎనిమిదో తరగతి మధ్యలో బడి ఎందుకు మానేస్తాను? కుర్చీ తెచ్చి మంచానికి ఎదురుగా వేసుకుని కాపలా కూర్చున్నాను.

నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. బ్రాడీపేటలో ఆ కొట్టుకి నేను కూడా వెళ్ళాను. పొడవూ వెడల్పూ ఒక్కటే ఉన్న రెండు పరుపులు పక్కపక్కన పెట్టారు. ఒకటి అయిదంగుళాల ఎత్తు, రెండోది పదంగుళాలు. మెడలో కొలత టేపు వేలాడేసుకున్న కొట్టాయన, పెద్ద పరుపుకి తొడుగు గుడ్డ కూడా రెట్టింపు పడుతుందండీ మేడం, అన్నాడు. "పైనా కిందా కూడానా?" అన్నాను. "ఎత్తు రెట్టింపు కదండీ, అన్నీ రెట్టింపే" అన్నాడు. "ఎత్తు పెరిగితే మంచం పెరుగుద్దా నాయనా?" అన్నాను. ఆయన నాకు జవాబు చెప్పకుండా మా అబ్బాయి వైపు చూసి జాలిగా నవ్వాడు. పెద్దవాళ్ళతో వచ్చిన కొడుకుల్ని చూసి కొట్లవాళ్ళు నవ్వే నవ్వు అది. నాకు కోపం రాలేదు, నవ్వే వచ్చింది. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే, 'ఎత్తు రెట్టింపైతే అన్నీ రెట్టింపే' అన్న మాటే, చాలా ఏళ్ళ కిందట ప్రత్తిపాడులో ఒకావిడ అన్నది. ఆ మాట మా ఇంటి పొయ్యి ఆర్పేసేంత పని చేసింది.

మేం దూదేకులవాళ్ళం. దూది దొంగలన్న పేరు మాకు పుట్టుకతోనే వచ్చింది, పరుపులు కుట్టడం తర్వాత నేర్చుకున్నాం. పత్తి మొదటి తీత అయ్యాక, గింజ తీయించిన దూది ఇంట్లోకి వచ్చాక, రైతులు మాకు కబురు పెట్టేవాళ్ళు. నాన్న భుజాన విల్లు, అమ్మ చంకన మూట, వెనకాల నేను. ఎవరింటికి వెళ్ళినా ముందు గడప దగ్గర మూట దులపాలి. నాన్న దుప్పటి, లుంగీ, నేను పరుచుకునే గోనె, అన్నీ ఒక్కొక్కటి విప్పి ఇంటావిడ ముందు దులిపి, ఏమీ లేదని చూపించి లోపలికి వెళ్ళాలి. పని అయ్యాక మళ్ళీ అదే గడప దగ్గర దులిపి బయటికి రావాలి. లోపలికి వెళ్ళేటప్పుడు దేనికంటే, మా మూటలో ముందే తడి గుడ్డ ఉండి, దాన్ని పారేసి దూది పెట్టుకుంటే బయటికి వచ్చేటప్పుడు బరువు తేడా తెలియదట. ఇంత ఆలోచన దొంగకి కూడా రాదు. అమ్మ కూడా తక్కువదేం కాదు. ఇంటివాళ్ళే నాలుగు గుప్పిళ్ళు తీసి దాచి తర్వాత మా మీద వేస్తారని ఆమె అనుమానం. అందుకని దూదిని మా చేతికి ఇవ్వకముందే, వాళ్ళ తక్కెట్లో, వాళ్ళ చేత్తో తూయించేది. ఇలా ఒకళ్ళనొకళ్ళు ఏ మాత్రం నమ్మకుండా ఎంతో మర్యాదగా పని మొదలుపెట్టేవాళ్ళం.

వసారాలో నాన్న విల్లు వేలాడదీసి, కొయ్య గుండుతో నరం మీద కొడితే టంయ్ టంయ్‌మని ఇల్లంతా మోగేది. ముద్దగా ఉన్న దూది విడివడి పొగలాగా లేచేది. మధ్యాహ్నానికి నాన్న కనుబొమలు, మీసాలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లబడి, సాయంత్రం స్నానమయ్యాక మళ్ళీ నల్లబడేవి. రోజూ ముసలివాడై రోజూ పడుచువాడయ్యే మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. నూగు గొంతుకి పట్టేస్తుందని పొద్దుగూకే వేళ ఇంటావిడ తలా ఒక బెల్లం ముక్క ఇవ్వాలి, అది ఆనవాయితీ. పక్క పెరట్లో మిరపకాయలు ఆరబోసి ఉంటే ఆ ఘాటు గాలికి వచ్చి, దూదితో కలిసి ముక్కులోకి పోయేది. కొత్త దూది వాసన, బెల్లం వాసన, మిరప ఘాటు, ఈ మూడూ కలిసిన గాలి ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు తుమ్మూ ఆకలీ ఒకేసారి వస్తాయి. ఈ పనంతా జరుగుతున్నంతసేపూ ఎదురుగా నులక మంచం మీద ఇంట్లో పెద్దావిడ కాపలా కూర్చునేది. కాపలాకి పెద్దావిడే ఎందుకంటే ఆమెకి వేరే పనుండదు, నిద్ర ఎలాగూ పట్టదు, ఎవర్నీ నమ్మే అలవాటు ఉండదు.

అలాంటి పెద్దావిడల్లోకెల్లా పెద్దావిడ రాఘవమ్మ గారు. కోడి గుడ్డు పెడితే అది ఇవాళ్టిదో కాదో వెచ్చదనం చూసిగానీ లోపల పెట్టేది కాదు. పాదుకి కాసిన గుమ్మడికాయలన్నిటి మీదా గోటితో గీత గీసి ఉంచేది, ఎవరైనా పెద్దది కోసుకుపోయి చిన్నది తెచ్చి పెడతారేమోనని. కోసిన గుమ్మడికాయ మళ్ళీ పాదుకి ఎలా అతుక్కుంటుందని నేనొకసారి అడిగితే, "నీలాంటిది ఉంటే అతికించుద్దిలే" అంది. ఆ ఏడు ఆమెకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. ఎత్తు తక్కువ మంచం మీంచి లేవలేకపోతోంది. మంచం మార్చడానికి మనసొప్పలేదు, అది వాళ్ళాయన చేయించిన మంచమట. అందుకని పరుపు ఎత్తు పెంచమంది. బెత్తెడు ఎత్తున్న పాత పరుపు విప్పి, కొత్త దూది కలిపి, రెండు బెత్తెల ఎత్తు చెయ్యాలి. దూదికి లోటు లేదు, వాళ్ళ చేలోదే. గుడ్డ మాత్రం గుంటూరునుంచి తెప్పించింది, నీలం చారలది. "పోయినసారి పట్టినదానికి సరిగ్గా రెట్టింపు తెప్పించా. ఎత్తు రెట్టింపైతే అన్నీ రెట్టింపేగా. ఈసారి చాల్లేదని నా దగ్గరికి రావొద్దు" అని గుడ్డ అమ్మ ఒళ్ళో పెట్టింది.

రెండో రోజు మధ్యాహ్నం అమ్మ గుడ్డ కోసింది. పైకొకటి, కిందికొకటి, చుట్టూ వేసే పట్టీ ఒకటి. పరుపు గుడ్డ అంటే ఈ మూడే. పట్టీ పాతదానికంటే రెట్టింపు వెడల్పు కోసింది. పైదీ కిందిదీ పాత కొలతే. కోసేశాక చూస్తే పక్కన ఇంకా బోలెడు గుడ్డ ఉంది. ఆమె కోసినవి మళ్ళీ కొలిచింది. మిగిలింది కొలిచింది. తర్వాత నాన్నవైపు చూసింది. రాఘవమ్మ గారు అన్నానికి లోపలికి వెళ్ళిన ఆ కాస్తసేపే మాకు దొరికింది.

"ఎంత మిగిలిందే?" అన్నాడు నాన్న గొంతు తగ్గించి.

"ఇంకో పరుపుకి పైనా కిందా వెయ్యొచ్చు."

"తప్పు కోశావేమో చూడు."

"తప్పేం లేదయ్యా. ఎత్తేగా పెరిగింది, మంచం అదేగా. చుట్టూ పట్టీ పెరిగింది, అంతే. తిరిగిచ్చేద్దాం."

నాన్న మొహాన ఉన్న దూదికంటే తెల్లబడ్డాడు. "పిచ్చిగానీ పట్టిందా? ఏ దూదేకులోడైనా గుడ్డ తిరిగివ్వడం ఎప్పుడైనా చూశావా? ఇన్నేళ్ళూ ఎందుకియ్యలేదని అడుగుద్ది."

"ఇన్నేళ్ళూ మిగల్లేదు కాబట్టి ఇవ్వలా."

"అది నువ్వు చెప్తే నమ్ముద్దా? దూదితోపాటు లోపలే కుక్కెయ్. ఎవరిది వాళ్ళకే చేరుద్ది."

"రేపెప్పుడన్నా విప్పితే, లోపల గుడ్డపేలికలు కుక్కి దూది ఎత్తుకుపోయారంటారు."

ఉంచుకుంటే గడప దగ్గర మూట దులిపినప్పుడు బయటపడుతుంది. దాస్తే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. తిరిగిస్తే ఇప్పుడే బయటపడుతుంది. బయటపడడానికి మేం చేసిన నేరం మాత్రం ఏమీ లేదు. ఆ వీధిలో ఇంకో నాలుగిళ్ళవాళ్ళు మా కోసం పరుపులు విప్పి పెట్టుకుని ఉన్నారు. మా ఏడాది తిండి ఆ నాలుగిళ్ళ మీదే ఉంది. రాఘవమ్మ గారి నోట 'దొంగ' అన్న మాట వస్తే ఆ నాలుగు గడపలే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ మమ్మల్ని వసారా ఎక్కనివ్వరు.

అమ్మ మిగిలిన గుడ్డని నలుచదరంగా మడిచి, రాఘవమ్మ గారు చెయ్యి తుడుచుకుంటూ బయటికి రాగానే ఆమె చేతిలో పెట్టింది. "మిగిలిందండీ" అంది, అంతే. ఆమె దాన్ని చూసింది. బరువు చూసింది. ఆ మడత విప్పి మళ్ళీ మడిచింది. నాన్న విల్లు కొట్టడం ఆపేశాడు.

"ఇంత తిరిగిచ్చారంటే ఎంత ఉంచుకున్నారే?" అంది రాఘవమ్మ గారు. తర్వాత లోపలికి కేకేసింది. "పద్మా! వీధి తలుపు గడియెయ్యి!"

కోడలు పద్మ పరిగెత్తుకొచ్చి గడియ వేసింది. ఆ చప్పుడికి పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టింది. "ఏమైందొదినా?"

"గుడ్డ తిరిగిచ్చారొదినా!"

"అమ్మో, తిరిగిచ్చారా!" అని ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుంది. ఇంట్లో పాము దూరిందని చెప్పినా అంత కంగారు పడేది కాదు. ఆవిడది మేం తర్వాత వెళ్ళాల్సిన నాలుగిళ్ళలో మొదటి ఇల్లు. నాన్న ఆవిడ మొహంలోకి చూసి తల దించుకున్నాడు.

మా మూట విప్పించారు. నాన్న దుప్పటి దులిపించారు. అమ్మ కొంగు తనే దులిపి చూపించింది, ఎవరూ అడక్కముందే. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో రాఘవమ్మ గారికి అనుమానం ఇంకా గట్టిపడింది. "ఎక్కడ పెట్టారో చెప్పండి, ఏమీ అనను" అంది. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. ఊరుకోకపోవడానికి కారణం ఉంది. నేను బడి మానడానికి వారం ముందు లెక్కల మేష్టారు పట్టకం పాఠం చెప్పారు. సుద్దముక్కల అట్టపెట్టెకి పైనా కిందా చించేసి, ఒక అంచున కోసి విప్పితే పొడుగాటి పట్టీ అయింది. "పక్కతల వైశాల్యం అంటే ఇదే. చుట్టుకొలత అదే ఉంచి ఎత్తు రెట్టింపు చేస్తే ఇది రెట్టింపు, సగం చేస్తే సగం. పైనా కిందా ఉన్నవి కదలవు" అన్నారు. నేను లేచి "ఇది మా ఇంట్లో పరుపు పట్టీ సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది, మేష్టారు కూడా. బడిలో నాకు అర్థమైన ఆఖరి పాఠం అది. అసలు అర్థమైన పాఠమే అదొక్కటని అమ్మ అనేది.

పెరట్లోంచి రెండు ఇటుకలు తెచ్చి ఆమె ముందు పెట్టాను. "చూడండమ్మగారూ. ఇది మీ పాత పరుపు. దీని మీద ఇంకో ఇటుక పెడతన్నా. ఎత్తు రెట్టింపైంది. పైన కాకి వాలే చోటు ఏమన్నా పెరిగిందా? పెరగలా. కింద నేలకి ఆనేది పెరిగిందా? అదీ పెరగలా. చుట్టూ సున్నం కొట్టే చోటు ఒక్కటే రెట్టింపైంది. పట్టీ ఒక్కటే రెట్టింపు పట్టింది. మిగిలిందంతా మీ చేతిలో ఉంది."

అంత బాగా మేష్టారు కూడా చెప్పి ఉండరని నాకు నేనే మురిసిపోతున్నాను. రాఘవమ్మ గారు వంగి, రెండు ఇటుకల మధ్య సందులోకి చూసింది. వేలు పెట్టి తడిమింది.

"మరి ఈ మధ్యలో మొహాలేయీ?" అంది.

"ఏంటండీ?"

"కింద ఇటుకకి పైన ఒక మొహం, పై ఇటుకకి కింద ఒక మొహం. ఈ రెండూ ఇందులో ఉన్నాయిగా. నా పరుపు మీద ఇంకో పరుపేస్తే మధ్యలో గుడ్డ ఉంటదిగా. ఆ మధ్య గుడ్డ ఏదే? అది వెయ్యకుండా దూది కుక్కేశారు, అంతేనా?" గోడవైపు తిరిగింది. "చూశావా ఒదినా, పిల్లే దొంగని పట్టించింది."

పక్కింటావిడ తల ఊపింది. మేష్టారు అట్టపెట్టెని చించారే గానీ, రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో ఏముందని అడిగే రాఘవమ్మ గారు మా క్లాసులో లేదు. నాన్న ఇటుకల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. దేంతో దేన్ని కొడదామా అన్నట్టుంది ఆ చూపు.

అప్పుడు అమ్మ లేచింది. రాఘవమ్మ గారి చేతిలోంచి ఆ మడత గుడ్డ తీసుకుంది. పాత పరుపు పైగుడ్డ నేల మీద పరిచింది. దాని మీద మిగిలిన గుడ్డని ఒక పొర పరిచింది. సరిపోయింది. వెనక్కి మడిచి రెండో పొర పరిచింది. అంచుకి అంచు కలిసింది.

"రెండు మొహాలండీ. మీరడిగిన మధ్య గుడ్డ ఇదే. ఒకే పరుపు కాబట్టి మధ్యలో అడ్డం పెట్టలేదు. పెట్టలేదు కాబట్టే మిగిలింది. మిగిలింది కాబట్టే మీ చేతికిచ్చా."

రాఘవమ్మ గారు మోకాళ్ళు పట్టుకుని నేల మీద కూర్చుంది. ఆ మోకాళ్ళతో ఆమె నేల మీద కూర్చోవడం కోడలు పద్మ కూడా చాలాకాలంగా చూడలేదట. ఒక మూల పట్టుకుని లాగి చూసింది. ఇంకో మూల చూసింది. తర్వాత పాత పట్టీ తెమ్మంది, కొత్త పట్టీ మధ్యకి మడిచి దాని పక్కన పెట్టింది. రెండూ ఒకే వెడల్పు. అన్ని వైపులా చూశాక, ఇక చూడటానికి ఏమీ లేదని తేలాక, గోడ మీది తలతో, "నీకు పనేం లేదా ఒదినా?" అంది. తల మాయమైంది. "పద్మా, గడియ తియ్యి."

తప్పయిందనలేదు. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదని ఊరంతా చెప్పేది. ఆ గుడ్డ మడిచి అమ్మవైపు తోసింది. "తీసుకెళ్ళు. పిల్లకి పరికిణీ కుట్టు."

నీలం చారల పరికిణీ! నా కళ్ళు మెరిసే ఉంటాయి. అమ్మ ఆ గుడ్డని ముట్టుకోలేదు. "వద్దండీ. ఇవాళ మీరిచ్చారని మీకు తెలుసు, నాకు తెలుసు. రేపు పిల్ల ఒంటి మీద చూసినవాళ్ళకి తెలవదుగా" అంది. ఆ సాయంత్రం రాఘవమ్మ గారు ఆ గుడ్డని వీధి వసారాలో దండెం మీద, దారిన పోయేవాళ్ళందరికీ కనపడేలా, పొడుగ్గా ఆరేయించింది. తడవని గుడ్డని ఎందుకు ఆరేశారని అడిగినవాళ్ళందరికీ, "మస్తాను పెళ్ళాం మిగిల్చి ఇచ్చింది" అని మా నాన్న పేరు పెట్టి తనే చెప్పింది. నాలుగిళ్ళూ మాకు దక్కాయి. పక్కింటావిడ మాత్రం గుడ్డ చాలా తక్కువ తెచ్చింది. మిగలకుండా ఉంటే గొడవే ఉండదని.

మూడో రోజు పొద్దున మేం వెళ్ళేసరికి నులక మంచం ఎప్పటిచోటే ఉంది, రాఘవమ్మ గారూ ఉంది. కాకపోతే అటు తిరిగి కూర్చుంది. వీధివైపు మొహం, మావైపు వీపు. దూది పెట్టడం, పట్టీ కుట్టడం, దబ్బనంతో కుచ్చులు వెయ్యడం, పూర్తయ్యేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. "ఏంటత్తా, అటు తిరిగి కూర్చున్నావు?" అని పద్మ అడిగితే, "ఎండ మొహాన కొడతందే" అంది. ఎండ వీధివైపునుంచే వస్తోంది. సరిగ్గా ఆమె కళ్ళలోకే పడుతోంది. చేత్తో అడ్డం పెట్టుకుని మరీ కూర్చుంది. గడప దగ్గర మూట దులపడానికి నాన్న విప్పబోతే, "పొద్దుపోయింది, పోండి" అంది. అమ్మ మాత్రం విప్పి, ఆ వీపుకే దులిపి చూపించి, అప్పుడు గడప దిగింది.

తర్వాత ఎన్నో ఇళ్ళకి వెళ్ళాం. కొన్నాళ్ళకి స్పాంజి పరుపులొచ్చాయి, నాన్న విల్లు అటకెక్కింది. నేను పెళ్ళి చేసుకుని గుంటూరు వచ్చేశాను. మమ్మల్ని అనుమానించినవాళ్ళ మీద ఆ రోజుల్లో నాకు చాలా కోపం ఉండేది. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని ఈ పరుపు వంక చూస్తుంటే వాళ్ళ గురించి ఇంకో రకంగా అనిపిస్తోంది. రాఘవమ్మ గారికి అనుమానించడానికి ఎదురుగా మనుషులున్నారు. అడిగితే జవాబు చెప్పే నోరుంది, పరిచి చూపించే చేతులున్నాయి. చివరికి తను అటు తిరిగి కూర్చోవడానికి కూడా మేం ఉన్నాం. ఈ పరుపు లోపల ఏముందో కొట్టాయనకి తెలియదు, మా అబ్బాయికి తెలియదు, కాయితం ఏమో ఇంగ్లీషు, అది నాకు రాదు.

సాయంత్రానికి అది పూర్తిగా లేచింది. చెయ్యి పెట్టి కొలిచాను, మూడు బెత్తెలకి పైనే ఉంది. చుట్టూ పట్టీకి జిప్పు ఉంది. లాగి లోపలికి చూశాను. తెల్లగా, వాసన లేకుండా, ఒకటే ముద్ద. మధ్యలో గుడ్డ లేదు. షబానా టీ తెచ్చి, "ఏంటత్తా, ఇంకా అనుమానమేనా?" అంది. లేదన్నాను. కుర్చీ అటు తిప్పి కూర్చుందామని లేచాను కూడా. తిప్పబోయి ఆగిపోయాను. అటు తిరిగితే వీపు ఎవరికి చూపించాలి? కుర్చీ ఉన్నచోటే ఉంచి, టీ తాగి, ఆ పరుపు వైపే చూస్తూ కూర్చున్నాను.